దరఖాస్తు పంపిన తరువాత

మన కళాశాలలో తెలుగు తరగతికీ ఉర్దూ తరగతికీ నడుమ ఉన్నది ఒక్క గోడ మాత్రమే. ఆ గోడకు ఇరువైపులా ఒకే అర్థంతో వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. ‘దరఖాస్తు’ వానిలో ఒకటి. ఫారసీ నుండి మనకు వచ్చిన ఈ మాటకు ‘వేడుకోలు’ అని అర్థం. ‘అర్జీ’ అరబ్బీ మూలం గలది. ‘విన్నవించుట’ దాని భావం. ‘దాఖలు’ అనగా లోనికి చేరినది. ‘నకలు’ అనగా ప్రతి. ‘సిఫారసు’ అనగా ఒకరి పక్షాన మరొకరు పలికే మంచిమాట. ‘రసీదు’ ఫారసీలో ‘చేరినది’ అను అర్థాన్నిచ్చే క్రియారూపం. కచేరీల వెంట మన ఊళ్ళలోకి వచ్చి స్థిరపడిన ఈ మాటలను వరుసగా పేర్చి చూస్తే ఒక విద్యార్థి కళాశాల ప్రవేశ కథ అంతా అందులోనే కనిపిస్తుంది. ఆ కథ దరఖాస్తుతో మొదలై రసీదుతో ముగియవలె. ఈ రెంటి నడుమ జరిగే పొరపాట్లను గూర్చి, వానిని తప్పించుకొనే మార్గాలను గూర్చి నాలుగు మాటలు ముచ్చటించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రతి సంవత్సరం డిసెంబరు, జనవరి మాసాలలో చివరి సంవత్సరపు విద్యార్థులు కొందరు నా గదికి వస్తారు. ఒకరు అమెరికాకు, ఒకరు ఇంగ్లండుకు, ఒకరు మన రాష్ట్రంలోనే మరొక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసి ఉంటారు. అందరి ప్రశ్నా ఒకటే: “సార్, దరఖాస్తు పంపాను. ఇంకా ఏమైనా పంపితే మంచిదా?” ఈ ప్రశ్న వెనుక ఒక భయం ఉన్నది. తాను పంపినది చాలదేమో, తన్ను తాను సరిగా చెప్పుకోలేకపోయానేమో అను భయం. ఇంట్లో తనకంటె ముందు కళాశాల ముఖం చూచినవారు లేని విద్యార్థికి ఈ భయం మరింత ఎక్కువ. ఆ భయం నాకు తెలుసు. ఒకప్పుడు దానికి నేను మూల్యం చెల్లించాను గనుక తెలుసు.

ఒక అనుభవం

డిగ్రీ పూర్తి చేసిన ఏడు నేను ఎం.ఏ. తెలుగుకు దరఖాస్తు చేశాను. తెలుగు సాహిత్యం చదువుతానంటున్న ఈ ముస్లిం పిల్లవానిని పెద్దలు నమ్ముతారా అన్న సందేహం నన్ను పట్టుకొన్నది. దరఖాస్తు పంపిన పది దినాలకు ఒక పెద్ద కట్ట తయారు చేశాను. వక్తృత్వ పోటీలలో వచ్చిన ప్రశంసాపత్రాలు, కళాశాల పత్రికలో అచ్చయిన నా పద్యాలు, ఎన్.ఎస్.ఎస్. శిబిరపు పత్రం, మా గురువుగారు వ్రాసిన ఉత్తరం, అన్నిటికీ నకళ్ళు తీయించి, గెజిటెడ్ అధికారి చేత సంతకాలు చేయించి రిజిస్టర్డు పోస్టులో పంపాను. ఆ ఖర్చుకు మా అబ్బా తన నెల జీతంలోనుండి తీసి ఇచ్చారు.

ప్రవేశాల దినం వచ్చింది. గుమాస్తాగారు నా కట్ట విప్పారు. ఒక్కొక్క కాగితమే తిరగవేశారు. ఆయన వయసు మళ్ళిన మనిషి. మాటలో కాఠిన్యం లేదు. “పద్యాలు బాగున్నాయి బాబూ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఏది?” అని అడిగారు. అది లేదు. పరీక్షా ఫలితాలు వచ్చి మూడు వారాలైనా, కట్ట కట్టుకొనే సంబరంలో నేను దాని కొరకు దరఖాస్తే పెట్టలేదు. సాయంత్రం అయిదు గంటల వరకు గడువు ఇచ్చారు. నూట యాభై కిలోమీటర్ల దూరంలోని కళాశాల నుండి అయిదు గంటల లోపల కాగితం ఎట్లా తేగలను? సీటు నా తరువాతి వానికి వెళ్ళింది. తప్పు ఆ కార్యాలయానిది కాదు, నాది. ఆ సంవత్సరమంతా మా మామూ బట్టల దుకాణంలో లెక్కలు వ్రాశాను. అడగనివి పదిహేను పంపి, అడిగినది ఒక్కటి పంపకపోవడం వలన ఒక సంవత్సరం పోయింది.

నాలుగు దోషాలు

న్యాయశాస్త్రంలో గౌతముడు ఇరువదిరెండు నిగ్రహస్థానాలను చెప్పాడు. వాదంలో ఒక పక్షం ఓడిపోయినట్లు నిర్ణయించే తావులవి. వానిలో ఒకచోట వరుసగా వచ్చేవి నాలుగు: అప్రాప్తకాలం, న్యూనం, అధికం, పునరుక్తం. చెప్పవలసిన అవయవాలను క్రమం తప్పి చెప్పడం అప్రాప్తకాలం. చెప్పవలసిన దానిలో ఒకటి తగ్గడం న్యూనం. అవసరానికి మించి హేతువులను, ఉదాహరణలను చేర్చడం అధికం. చెప్పినదే మరల చెప్పడం పునరుక్తం. వాదానికి చెప్పిన ఈ దోషాలు దరఖాస్తుకు కూడ చక్కగా వర్తిస్తాయి. బోధనా సౌలభ్యం కొరకు న్యూనంతో ప్రారంభిస్తాను. ఎక్కువ మందిని ఓడించేది అదే.

మొదటిది, న్యూనం. దరఖాస్తు పంపిన తరువాత తప్పక పంపవలసిన పత్రాలు కొన్ని ఉంటాయి. వానిని ‘అదనపు సామగ్రి’ అనరాదు; అవి దరఖాస్తులో మిగిలిపోయిన భాగాలు. అమెరికాలో డిగ్రీ ప్రవేశానికి అనేక కళాశాలలు ‘కామన్ అప్లికేషన్’ అను ఉమ్మడి దరఖాస్తును స్వీకరిస్తాయి. 1975లో పదిహేను కళాశాలలతో మొదలైన ఈ ఏర్పాటులో నేడు వేయికి పైగా సంస్థలు ఉన్నాయి. అందులో విద్యార్థి వ్రాసేది ఒక భాగమైతే, పాఠశాల పంపేది మరొక భాగం. చివరి సంవత్సరం మధ్యలో వచ్చిన మార్కులతో ఒక నివేదిక, చదువు ముగిసిన తరువాత తుది నివేదిక పాఠశాల నుండి వెళ్ళాలి. విద్యార్థి జనవరిలో తన పని ముగిసినదనుకొని నిశ్చింతగా ఉంటే, ఫిబ్రవరిలో పాఠశాల చేయవలసిన పని నిలిచిపోవచ్చు.

మన డిగ్రీ విద్యార్థులు ఎక్కువగా వెళ్ళేది ఎం.ఎస్. వంటి పై చదువులకు. వారు దరఖాస్తు చేసేనాటికి చివరి సెమిస్టరు మార్కులు వచ్చి ఉండవు. అందుచేత ఉన్నంతవరకు మార్కుల పత్రాలు జతచేసి, ఫలితాలు వచ్చిన తరువాత కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ పంపవలసి ఉంటుంది. దరఖాస్తు సమయంలో మామూలు నకలు చాలునని, ప్రవేశం దొరికిన తరువాత విశ్వవిద్యాలయం ముద్ర వేసిన కవరులో గాని, నేరుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో గాని అసలు పత్రం రావలెనని చెప్పే సంస్థలు చాలా ఉన్నాయి. జి.ఆర్.ఇ., టోఫెల్ మార్కులు అధికారికంగా చేరవలెనంటే పరీక్ష నిర్వహించిన సంస్థ నుండే వెళ్ళాలి. మనం తీసిన నకలు ఆ పని చేయదు. జి.ఆర్.ఇ. మార్కులు అయిదేండ్లు, టోఫెల్ మార్కులు రెండేండ్లు మాత్రమే చెల్లుతాయని కూడ గుర్తుంచుకోవలె.

ఇంగ్లండు పద్ధతి వేరు. అక్కడి డిగ్రీ ప్రవేశాలకు ఉమ్మడి కార్యాలయం 1961లో ఏర్పడింది. 1990 దశకం ఆరంభంలో అది నేటి ‘యూకాస్’గా రూపొందింది. పరీక్షలు ఇంకా వ్రాయని విద్యార్థికి ‘ఇన్ని మార్కులు వస్తే సీటు’ అని షరతుతో కూడిన ప్రవేశం ఇస్తారు. ఆ షరతు తీరినదని చూపే మార్కుల పత్రాన్ని సాధారణంగా మన విద్యార్థి తానే విశ్వవిద్యాలయానికి పంపుకోవలె. షరతు తీరినా, తీరినట్లు చూపకపోతే సీటు నిలువదు.

ఇక ఇంటివద్ద సంగతి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016 నుండి ‘దోస్త్’ పద్ధతి ఉన్నది. స్నేహితుడని అర్థమిచ్చే ఆ ఉర్దూ పేరు మనకు చుట్టమే. అయినా పేరులో స్నేహం ఉన్నదని గడువులో సడలింపు ఉండదు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం వంటివి మీసేవ కేంద్రంలో అడిగిన రోజే చేతికి రావు. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ రిజర్వేషను ఉన్నది గదా అని ధైర్యంగా కూర్చుంటే లాభం లేదు. హక్కు చట్టంలో ఉంటుంది. దానిని చూపే కాగితం మన చేతిలో ఉండవలె.

రెండవది, అధికం. నేను పడిన గోతి ఇదే. అడగనిది పంపితే చదివేవారు సంతోషిస్తారని మనం అనుకొంటాము. వారి బల్లమీద వేల దరఖాస్తులు ఉంటాయని మరచిపోతాము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశానికి, తాను ప్రత్యేకంగా కోరితే తప్ప, సిఫారసు లేఖలను స్వీకరించదు. అటువంటి చోటికి మూడు సిఫారసు లేఖలు పంపడం శ్రద్ధకు గుర్తు కాదు. నియమం చదవలేదని చెప్పే సాక్ష్యం. యూకాస్ దరఖాస్తులో విద్యార్థి అయిదు చోట్లను కోరుకొనవచ్చును. అన్నిటికీ స్వీయపరిచయం ఒకటే, ఖాళీలతో సహా నాలుగువేల అక్షరాలకు మించరాదు. 2026 ప్రవేశాల నుండి దానిని మూడు ప్రశ్నలకు సమాధానంగా వ్రాయవలె. ఒకసారి పంపిన తరువాత మార్చే వీలు లేదు. ఏదైన కొత్త సంగతి చెప్పదలిస్తే ఆ విశ్వవిద్యాలయాన్ని నేరుగా అడగవలె.

అట్లాగని అదనపు సామగ్రి అంతా నిషిద్ధం కాదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి., విద్యార్థి తన చేతులతో తయారు చేసిన యంత్రాలను, పరికరాలను చూపే సంపుటిని స్వీకరిస్తుంది. సంగీతానికి, చిత్రకళకు, పరిశోధనకు వేరువేరు ఏర్పాట్లు చేసింది. దరఖాస్తు తరువాత వచ్చిన మధ్య సంవత్సరపు మార్కులను, కొత్త విశేషాలను తెలపడానికి ఫిబ్రవరిలో ఒక ప్రత్యేక పత్రాన్ని కూడ ఇస్తుంది. ఇక్కడ గ్రహించవలసిన సూత్రం ఒకటి: తలుపు తెరచిన చోట లోపలికి పోవలె, తలుపు లేని చోట గోడకు నిచ్చెన వేయరాదు. తలుపు ఉన్నదో లేదో ఆ సంస్థ నియమావళి చెబుతుంది. మిత్రుడు చెప్పినది, ఏజెంటు చెప్పినది దానికి బదులు కాదు.

మూడవది, పునరుక్తం. దరఖాస్తులో వ్రాసిన సంగతినే మరల ఉత్తరంలో వ్రాసి పంపేవారు ఉన్నారు. “నేను కష్టపడి చదివేవాడను, నాకు మీ సంస్థ అంటే గౌరవం” అని మూడు ఉత్తరాలు వ్రాస్తే ఆ గౌరవం మూడు రెట్లు కాదు. న్యాయశాస్త్రకారుడు ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాడు. ప్రయోజనంతో కూడిన పునఃకథనం అనువాదం అనిపించుకొంటుంది. అది దోషం కాదు. ఉదాహరణకు, ‘నా దరఖాస్తులో అయిదవ సెమిస్టరు వరకు మార్కులు ఇచ్చాను, ఇప్పుడు ఆరవ సెమిస్టరు మార్కులు జతచేస్తున్నాను’ అన్న వాక్యంలో మొదటి సగం పాత సంగతే. కాని కొత్త సంగతి నిలబడడానికి అది ఆధారం. కావున ఉత్తరం వ్రాసే ముందు విద్యార్థి తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఇది: దరఖాస్తు పంపిన నాటికి లేనిది, నేడు నావద్ద ఉన్నది ఏమిటి? సమాధానం దొరకకపోతే ఉత్తరం అక్కర లేదు.

నాలుగవది, అప్రాప్తకాలం. శాస్త్రంలో ఇది క్రమభంగం. నేను దీనిని కాలభంగానికి కూడ అన్వయిస్తున్నాను. అమెరికాలో చాలా కళాశాలలు డిగ్రీ విద్యార్థులను మే 1 లోపల తమ నిర్ణయం తెలపమంటాయి. పై చదువులలో ఆర్థిక సహాయంతో కూడిన ప్రవేశానికి జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 వరకు వ్యవధి ఇవ్వాలని అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. ఆ తేదీల తరువాత కొన్ని సీట్లు ఖాళీ అవుతాయి. అప్పుడే నిరీక్షణ జాబితాలోని వారిని పిలుస్తారు. కనుక జాబితాలో పేరు ఉన్న విద్యార్థి, ఆ సంస్థ అనుమతిస్తే, జాబితాలో కొనసాగుతానని వెంటనే తెలిపి, కొత్త మార్కులతో ఒక్క చిన్న ఉత్తరం వ్రాయడం ఉచితం. నిర్ణయం వెలువడిన తరువాత పాత ప్రశంసాపత్రాలు పంపడం మాత్రం వాన వెలిసిన తరువాత గొడుగు కొనడమే.

పేరు కలవడం

ఇక శాస్త్రంలో లేని దోషం ఒకటి, మన పిల్లలకు ప్రత్యేకంగా తగిలేది చెప్పాలి. తరువాత పంపిన కాగితం ముందు పంపిన దరఖాస్తులో చేరవలెనంటే రెంటిమీద పేరు ఒకటిగా ఉండాలి. మన ముస్లిం విద్యార్థుల పదవ తరగతి మెమోలో ‘ఎం.డి.’ అని, ఇంటరు మెమోలో ‘మొహమ్మద్’ అని, పాస్‌పోర్టులో ‘మహమ్మద్’ అని ఉంటుంది. ‘షేక్’ ఒకచోట ‘ఎస్.కె.’ అవుతుంది. తెలుగు ఇండ్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా ముందు, మరొకచోట పూర్తిగా వెనుక వస్తుంది. మనకు ఇందులో వింత లేదు. సముద్రాల అవతల కూర్చున్న ఉద్యోగికి మాత్రం వీరు ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో వ్రాసి రెండవ గడి వదిలివేసిన వారికి అమెరికా వీసా మీద ‘ఎఫ్.ఎన్.యు.’, అనగా సొంత పేరు తెలియదు, అని అచ్చయి వస్తుంది. అమ్మీ, అబ్బా ముచ్చటపడి పెట్టిన పేరుకు ఇటువంటి గతి పట్టకూడదు. కాబట్టి పాస్‌పోర్టులో ఉన్న పేరునే దరఖాస్తులో వ్రాయండి. ప్రతి ఉత్తరంలో ఆ పేరుతోపాటు దరఖాస్తు సంఖ్య, పుట్టిన తేది తప్పక వ్రాయండి. మెమోలలో తేడా ఉంటే, సరిచేయించుకొనే పని దరఖాస్తుకు ఒక సంవత్సరం ముందే మొదలుపెట్టండి.

ఉత్తరం నమూనా

పంపవలసిన ఉత్తరం ఎట్లా ఉండాలో విద్యార్థులు తరచు అడుగుతారు. ఏ భాషలో వ్రాసినా దాని ఎముకల గూడు ఇదే:

“అయ్యా, నేను ఫలానా శాఖలో ప్రవేశానికి ఫలానా తేదీన దరఖాస్తు చేసితిని. నా దరఖాస్తు సంఖ్య ఇది. పాస్‌పోర్టు ప్రకారం నా పేరు ఇది. పుట్టిన తేది ఇది. అప్పటికి వెలువడని ఆరవ సెమిస్టరు మార్కుల పత్రమును ఇందువెంట పంపుచున్నాను. దీనిని నా దరఖాస్తులో చేర్చి, చేరినట్లు తెలుప ప్రార్థన.”

అంతే. అయిదారు వాక్యాలు. ఇందులో పొగడ్త లేదు, కష్టాల కథ లేదు. ఇంట్లో నిజంగా ఆపద వచ్చి మార్కులు తగ్గి ఉంటే, ఆ సంగతి ఒకటి రెండు వాక్యాలలో ఉన్నదున్నట్లు చెప్పవచ్చును. చెప్పడం సిగ్గుపడవలసిన పని కాదు. కాని కల్పించి చెప్పరాదు. సొమ్ము తీసుకొని సిఫారసు లేఖలు, స్వీయపరిచయాలు వ్రాసిచ్చే అంగళ్ళు ఉన్నాయి. యూకాస్ ప్రతి స్వీయపరిచయాన్ని ఇతరుల వ్రాతలతో పోల్చి చూసే ఏర్పాటు చేసుకొన్నది. పట్టుబడతామన్న భయం అట్లా ఉంచండి. పరుల మాటలతో సంపాదించిన సీటులో కూర్చున్నవానికి మొదటి తరగతి నుండే తన మాట తనకు కరువవుతుంది.

చివరి మెట్టు రసీదు. పంపితిని అనుకోవడం వేరు, చేరినది అని తెలియడం వేరు. దరఖాస్తు చేసిన ప్రతివానికి సాధారణంగా సంస్థ ఒక ఖాతాను ఇస్తుంది. వారానికొకసారి దానిని తెరచి, ఏ పత్రం చేరినది, ఏది చేరలేదు చూసుకోండి. పంపిన తేది, పంపిన పత్రం, చేరిన తేది అని మూడు గడులు గీసిన ఒక్క కాగితం మీ పుస్తకంలో ఉంచుకోండి. నా కట్టకు అటువంటి కాగితం తోడు ఉండి ఉంటే, ప్రొవిజనల్ సర్టిఫికెట్ గడి ఖాళీగా నాకు కనిపించి ఉండేది.

కళాశాల పెద్దలకు మనవి

విద్యార్థి చేయగలిగినది ఇంతవరకు. మిగిలినది మనం చేయవలసినది. కిందటి సంవత్సరం మన విద్యార్థిని ఒకరికి షరతుతో కూడిన ప్రవేశం వచ్చింది. మార్కులు వచ్చాయి, షరతు తీరింది. కాని మన కార్యాలయం నుండి ధ్రువీకరించిన ప్రతి వెళ్ళడానికి రెండు వారాలు పట్టింది. గడువుకు రెండు దినాల ముందు అది చేరింది. ఆ రెండు వారాలు ఆ పిల్ల తండ్రి ప్రతి ఉదయం ఆటో నడపడానికి పోయే ముందు మన కార్యాలయం మెట్లమీద కూర్చొని పోయేవారు. ఆయన ఎవరినీ ఒక మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

కావున పాలకవర్గం వారికి మూడు చిన్న విన్నపాలు. ఒకటి, మార్కుల ప్రతులు, ధ్రువపత్రాల కొరకు వచ్చిన అర్జీలకు ఒక రిజిస్టరు పెట్టి, అర్జీకి రసీదు, ఇచ్చుటకు నిర్ణీత దినాలు ఏర్పరచవలె. రెండు, మన కళాశాలను, మన మార్కుల విధానాన్ని పరిచయం చేసే ఒక పుట తయారు చేయించి ప్రతి విద్యార్థి పత్రంతో జతపరచవలె. అమెరికా కళాశాలలు పాఠశాలల నుండి ఇటువంటి పరిచయ పత్రాన్ని కోరుతాయి, పై చదువులవారికి కూడ అది ఉపకరిస్తుంది. మూడు, మొదటి సంవత్సరంలో చేరిననాడే ప్రతి విద్యార్థి పేరును పదవ తరగతి మెమోతో సరిచూచి, తేడాలు ఉంటే తల్లిదండ్రులకు తెలుపవలె. వీనికి పెద్ద నిధులు అక్కర లేదు. ఒక గుమాస్తాగారి శ్రద్ధ, ఒక అధ్యాపకుని పూచీ చాలును. రెండవదానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ప్రియ విద్యార్థులారా, మీ ప్రతిభను నిరూపించడానికి కాగితాల బరువు పెంచకండి. అడిగినది పూర్తిగా, సకాలంలో, ఒకే పేరుతో పంపండి. కొత్త సంగతి ఉంటే, తలుపు తెరచి ఉంటే, ఒక్క పుటలో చెప్పండి. చేరినట్లు రసీదు చూసుకోండి. తరువాత పుస్తకం తెరచి చదువుకోండి. చివరి సెమిస్టరు మార్కులు ఇంకా రావలసి ఉన్నవి గదా.